తొందర ఎక్కడ... నిదానం ఎక్కడ?

పెళ్లి ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో మొదట గుర్తొచ్చేది సున్నం. సున్నం వేయించాలంటే ముందు గోడల మీద వేలాడుతున్న తీగల సంగతి తేల్చాలి. చెక్కపట్టీల మీద క్లిప్పులు కొట్టి పాకించిన నలభయ్యేళ్ల నాటి వైరింగు, పింగాణీ ఫ్యూజులు, నల్లబడిన గుండ్రటి స్విచ్చులు... అన్నీ పీకేసి కొత్తగా చేయించాలి. ముహూర్తం చూస్తే ఇరవై రోజుల్లోకి వచ్చేసింది. జహీరాబాద్‌లో అలాంటి ఇంటి ముందు వినపడే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి.

‘‘అన్నా, ఎన్ని దినాల్ల అయితది?’’

‘‘పది దినాలు పడ్తది సార్.’’

‘‘గన్ని దినాలా? ఐదు దినాల్ల కాదా?’’

‘‘మీరెట్లంటే అట్ల జేద్దాం.’’

చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. పది రోజుల పని ఐదు రోజుల్లో అవుతుందంటే మిగతా ఐదు రోజులు ఎక్కడి నుంచి తగ్గాయి? ఆ ప్రశ్న ఇంటాయన అడగడు. ఎలక్ట్రీషియన్ చెప్పడు.

‘నిదానమే ప్రధానం’ అన్నారు పెద్దలు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్నదీ వాళ్లే. ఇంటి వైరింగు విషయంలో రెండూ నిజమే. కాకపోతే ఏ సామెత ఏ పనికి వర్తిస్తుందో తెలుసుకోవాలి. ఈ పనిలో గోడలోకి పోయి కనపడకుండా మిగిలిపోయే భాగం ఒకటి. గోడ పైన కనపడే భాగం ఇంకొకటి. రెండో దాంట్లో తొందర పడితే మహా అయితే స్విచ్చు వంకర పోతుంది. మరునాడు సరిచేసుకోవచ్చు. మొదటి దాంట్లో తొందర పడితే ఆ తప్పు ఏళ్ల తరబడి గోడలోనే కూర్చుంటుంది. విచిత్రం ఏమిటంటే, చాలా ఇళ్లలో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతుంది. స్విచ్చుల రంగు ఎంచుకోవడానికి ఇంటిల్లిపాదీ మూడు పూటలు చర్చిస్తారు. ఎర్తు తీగ వేశారో లేదో చూడటానికి మూడు నిమిషాలు ఉండవు.

నాలుగు బల్బుల కాలం నాటి తీగలు

అసలు మార్చడం ఎందుకు, ఇన్నాళ్లూ నడిచింది కదా అనేవాళ్లూ ఉంటారు. లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. ఒకప్పుడు మామూలు ఇంట్లో నాలుగు అరవై వాట్ల బల్బులు, రెండు ఫ్యాన్లు. అన్నీ ఒకేసారి వేసినా నాలుగు వందల వాట్లు దాటేది కాదు. 230 వోల్టుల దగ్గర అది రెండు ఆంపియర్ల లోపే. ఇప్పుడు అదే ఇంట్లో రెండు వేల వాట్ల గీజరు, టన్నున్నర ఏసీ, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్... ఇవన్నీ కలిసి నడిస్తే ఐదు వేల వాట్లు దాటుతుంది. అంటే ఇరవై రెండు ఆంపియర్ల పైమాట. తీగలు మాత్రం ఆనాటివే. వేడెక్కి ఫ్యూజు పోయినప్పుడల్లా సన్నతీగ బదులు కాస్త లావు తీగ చుడతారు. ఫ్యూజు పోవడం ఆగిపోతుంది. ఆ తర్వాత కాలాల్సి వస్తే కాలేది గోడలోని తీగే.

పాత ఇళ్లలో చాలాచోట్ల ఉన్నవి అల్యూమినియం తీగలు. రాగి ఖరీదు భరించలేక వేసినవి. మన దగ్గరే కాదు, అమెరికాలోనూ సుమారు 1965 నుంచి 1973 వరకు రాగి ధర పెరిగిన రోజుల్లో లక్షల ఇళ్లకు అల్యూమినియం వైరింగు చేశారు. తర్వాత నిప్పు అంటుకున్న ఇళ్లను పరిశీలిస్తే తేలిందేమిటంటే, తప్పు తీగ నడుమ లేదు... తీగ చివర ఉంది. స్విచ్చుకూ తీగకూ కలిసేచోట, తీగకూ తీగకూ అతుకు పడినచోట అల్యూమినియం వదులైపోయి, తుప్పులాంటి పొర కట్టి వేడెక్కింది. రాగి తీగకు ఆ జబ్బు తక్కువ. కానీ అతుకు సరిగా లేకపోతే రాగి కూడా కాపాడదు.

దానికీ లెక్క ఉంది. కరెంటు రెండింతలైతే అతుకు దగ్గర పుట్టే వేడి నాలుగింతలవుతుంది. రెండు వేల వాట్ల గీజరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. దాని తీగలో ఒక్క వదులు అతుకు ఉండి, అక్కడ ఓమ్‌లో పదో వంతు నిరోధం ఉందనుకుందాం. ఆ ఒక్కచోటే ఏడెనిమిది వాట్ల వేడి పుడుతుంది. చిన్న ఎల్‌ఈడీ బల్బుకు సరిపోయే శక్తి అది. గాలి ఆడని పైపులో, శనగగింజంత చోట, ప్లాస్టిక్ టేపు చుట్టి పెట్టారంతే. చలికాలం పొద్దున నలుగురు వరసగా స్నానాలకు వెళ్లే ఇంట్లో ఆ అతుకు గంటల తరబడి కాలుతూనే ఉంటుంది. మరి అతుకు బాగా చేయడానికి ఎంతసేపు పడుతుంది? ఐదు నిమిషాలు. టేపు చుట్టి లోపలికి తోయడానికి? అర నిమిషం. పది రోజులు ఐదు రోజులయ్యేది ఇలాంటి అర నిమిషాల దగ్గరే.

అందుకే మంచి పనివాళ్లు పాటించే మొదటి నియమం... పైపు లోపల అతుకే ఉండకూడదు. తీగ ఒక డబ్బాలో బయల్దేరితే మధ్యలో తెగకుండా మరో డబ్బాకు చేరాలి. అతుకు తప్పనిసరైతే మూత తీసి చూడగలిగే డబ్బాలో, స్క్రూ బిగించే కనెక్టరుతో పడాలి. ఈ నియమం పాటిస్తే తీగ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. ముక్కలు వృథా అవుతాయి. ఇంటాయనకు అది కష్టంగానే ఉంటుంది. కానీ అతుకుల తీగతో వచ్చేది అంతకన్నా పెద్ద కష్టం.

దండెం తీగ చెప్పిన పాఠం

2022 జులైలో కామారెడ్డిలో ఒకే కుటుంబంలో నలుగురు కరెంటు షాక్‌తో పోయారు. వాళ్లలో ఇద్దరు చిన్నపిల్లలు. వానాకాలం, బట్టలు ఆరేసే ఇనుప తీగకు కరెంటు వచ్చింది. ఒకరిని పట్టుకోబోయి ఒకరు... అలా ఇల్లే ఖాళీ అయింది. ఇలాంటి వార్తలు తెలంగాణలో ఏటా వానలు పడగానే వస్తాయి. ఎండాకాలంలో ఇనుప కూలర్ల వార్తలు వస్తాయి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం కొన్నేళ్లుగా దేశంలో ఏటా పదివేల మందికి పైగా కరెంటు షాక్‌తో చనిపోతున్నారు.

ఇక్కడ చాలామందికి ఉన్న భ్రమ ఒకటుంది. ‘మాకు ఎంసీబీలు ఉన్నాయిగా, షాక్ కొడితే పడిపోతాయి’ అనుకుంటారు. పడిపోవు. ఎంసీబీ ఉన్నది తీగను కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీ అంటే ఆరు వేల మిల్లీ ఆంపియర్లు దాటితే గానీ కదలదు. తడి చేతులతో కూలరు పట్టుకున్న మనిషి గుండా పోయే కరెంటు రెండు వందల మిల్లీ ఆంపియర్ల చుట్టుపక్కల ఉండొచ్చు. ప్రాణం తీయడానికి అది చాలు. ఎంసీబీకి మాత్రం అది దోమ కుట్టినంత కూడా కాదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజు తీగలో ఎంత కరెంటు వెళ్లిందో న్యూట్రల్ తీగలో అంతా తిరిగొచ్చిందా లేదా అని అది క్షణక్షణం చూస్తుంటుంది. ముప్పై మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందా, రెప్పపాటులో సరఫరా కట్టేస్తుంది. తేడా వచ్చిందంటే ఆ కరెంటు మనిషి గుండానో, తడిగోడ గుండానో నేలలోకి పోతోందన్నమాట. అయితే దీనికీ హద్దులున్నాయి. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి చేత్తో పట్టుకుంటే దానికి తేడా తెలియదు. మీటరు కన్నా ముందుండే సర్వీసు తీగ కోసుకుపోయి రేకులకో, దండెం తీగకో తగిలితే ఇంట్లోని ఆర్‌సీసీబీ ఏమీ చేయలేదు. కాబట్టి దండేనికి ఇనుప తీగ బదులు నైలాను తాడు కట్టడం, సర్వీసు తీగ దేనికీ రాసుకోకుండా చూడటం వైరింగుతో పాటే చేయాల్సిన పనులు.

ఆర్‌సీసీబీకి తోడు ఎర్తు. కూలరు ఇనుప ఒంటికి ఫేజు తగిలిందనుకుందాం. ఎర్తు ఉంటే ఆ కరెంటు అప్పుడే నేలలోకి పోతుంది, ఆర్‌సీసీబీ కట్టేస్తుంది. మనిషి ముట్టుకునే దాకా ఆగదు. ఎర్తు లేకపోతే, ఆ తేడా చూపించడానికి ఎవరో ఒకరు వెళ్లి ముట్టుకోవాల్సిందే. మూడు కాళ్ల ప్లగ్గులో పై కాలు మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఉండేది అందుకే. దాన్ని విరగ్గొట్టి రెండు కాళ్లతో వాడే ఇళ్లు ఎన్నో!

జహీరాబాద్‌లో ఎర్తు గుంత విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడిది ఎర్రనేల, కింద మొరం. వానాకాలంలో తడి ఉంటుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండిపోతుంది. ఎండిన మొరం కరెంటును సులువుగా పోనివ్వదు. సరిగ్గా కూలర్లు నడిచే నెలల్లోనే ఎర్తు బలహీనపడుతుందన్నమాట. రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, పైన నీళ్లు పోసే గరాటు పెట్టి, ఎండాకాలంలో వారానికి రెండు బిందెలు పోస్తే తేమ నిలుస్తుంది. ఐదు రోజుల పనిలో మొదట ఎగిరిపోయేది ఈ గుంతే. గట్టి నేలలో రెండున్నర మీటర్లు దించడానికి ఒక రోజు పడుతుంది. లేకున్నా లైట్లు వెలుగుతాయి. ఫ్యాన్లు తిరుగుతాయి. లేదని ఎవరికీ తెలియదు.

వేగం ఎక్కడ దొరుకుతుంది?

ఇంతా చదివాక ‘అయితే నెల రోజులు పెట్టమంటారా?’ అనిపించవచ్చు. అక్కర్లేదు. జహీరాబాద్‌కు ఫ్యాక్టరీ పని కొత్త కాదు. 1980లలో ఆల్విన్ నిస్సాన్ వ్యాన్లు ఇక్కడే తయారయ్యాయి. ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. వాహనాల ఫ్యాక్టరీలో బండ్లు వరసపెట్టి బయటికి వస్తుంటాయి. అక్కడ వేగం ఎవరో పరిగెత్తడం వల్ల రాదు. ఏ భాగం ఎక్కడికి ఎప్పుడు రావాలో ముందే తేల్చిపెట్టడం వల్ల వస్తుంది. జపాన్‌లో టయోటా ఫ్యాక్టరీ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. పనిలో తప్పు కనపడితే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి లైను ఆపించే పద్ధతి పెట్టింది. తప్పు పైన తప్పు పేరుకుని చివర్లో విప్పడం కన్నా అక్కడికక్కడ ఆగడమే తొందరగా తేలుతుందని వాళ్ల లెక్క.

ఇంటికీ అదే సూత్రం. పనివాళ్లు రాకముందు చేసే పనిలో ఎంత తొందరైనా పడొచ్చు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ఏ గదిలో మంచం ఎటు, టీవీ ఎటు, కూలరు కిటికీ ఏది, మిక్సీ ఎక్కడ, ఇన్వర్టరు ఎక్కడ... ఇంట్లో ఆడవాళ్లను, పిల్లలను కూడా అడిగి గోడల మీద సుద్దముక్కతో గీతలు గీయాలి. పని మొదలయ్యాక ‘ఇక్కడ ఇంకో ప్లగ్గు పెట్టన్నా’ అనే ప్రతి మాటా పూడ్చిన గోడను మళ్లీ తవ్విస్తుంది. రోజులు ఎక్కువగా పోయేది పనివాడి నిదానం వల్ల కాదు, ఇంటివాళ్లు మనసు మార్చుకోవడం వల్లే.

రెండోది సామాను. పైపులు అయిపోయాయని ఒక పూట, డబ్బాలు చాలలేదని ఒక పూట, కావలసిన సైజు తీగ ఊళ్లో లేదని హైదరాబాద్ ట్రూప్ బజార్‌కు పోయి రావడానికి ఒక రోజు... వంద కిలోమీటర్లు పోను, వంద రాను. ఇలా కూలి నడుస్తూనే పని ఆగుతుంది. గీతలు గీశాక జాబితా రాసి అంతా ఒకేసారి తెచ్చిపెడితే రెండు మూడు రోజులు మిగులుతాయి. లైట్లకు, ఫ్యాన్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ, పవర్ ప్లగ్గులకు రెండున్నర, ఏసీ, గీజర్లకు నాలుగు అన్నది ఇళ్లలో సాధారణంగా నడిచే కొలత. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని కింద ఉండే లైసెన్సు నంబరు చూసుకోవాలి. ఆ నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో తెలుస్తుంది. ఇంకో చిట్కా... తీగ చుట్టను తూకం వేయించండి. తొంభై మీటర్ల రెండున్నర మిల్లీమీటర్ల చుట్టలో రాగే దాదాపు రెండు కిలోలు ఉండాలి. పైన ప్లాస్టిక్ బరువు అదనం. మొత్తం చుట్టే రెండు కిలోలు తూగకపోతే రాగి ఎక్కడో తగ్గినట్టే.

మూడోది, కొంతమందికి రుచించనిది. అన్ని గోడలకూ గాడి కొట్టాల్సిన అవసరం లేదు. తీగలు కనపడకుండా గోడలోపల వేస్తేనే గొప్ప అనే అభిప్రాయం బలంగా ఉంది. స్లాబు ఇంటికి, సిమెంటు గోడలకు అది బాగానే ఉంటుంది. కానీ జహీరాబాద్‌లో ఎర్రరాయితో కట్టిన ఇళ్లున్నాయి. మట్టితో రాళ్లు పేర్చిన పాత గోడలున్నాయి. వాటికి గాడి కొడితే రాళ్లు కదులుతాయి, పెళ్లలు ఊడతాయి, గోడ బలం తగ్గుతుంది. పూడ్చిన సిమెంటు పాత మట్టిని పట్టుకోదు. ఏడాది తిరక్కుండా అదే గీతలో పగులు కనపడుతుంది. అలాంటి గోడల మీద మంచి రకం పీవీసీ పట్టీలు వేసి తీగలు నడిపిస్తే పని సగం రోజుల్లో అవుతుంది. రేపు రిపేరు వస్తే మూత తీస్తే చాలు. ఇక్కడ తొందరగా అయ్యే పనే మేలైన పని. చుట్టాలు చూసి ‘బయటికే వేశారేం’ అనవచ్చు. అననివ్వండి!

ఇంట్లో మనుషులు ఉండగానే...

కొత్త ఇంట్లో వైరింగుకూ, కాపురం ఉన్న ఇంట్లో వైరింగుకూ పెద్ద తేడా ఉంది. ఇక్కడ పొద్దున ఏడింటికి వంట కావాలి, పిల్లలు చదువుకోవాలి, పెద్దావిడకు రాత్రి ఫ్యాన్ కావాలి. ఇల్లంతా ఒకేసారి విప్పేస్తే పనివాడికి సులువు. కానీ మొదటి రాత్రి నుంచే ఇంట్లో ఒత్తిడి మొదలవుతుంది. ‘ముందు కరెంటు ఇచ్చేయన్నా, తర్వాత చూసుకుందాం’ అనే మాట పుట్టేది ఆ ఉక్కలోనే. అందుకని ఇంటిని రెండు భాగాలుగా చేసుకోవడం మంచిది. ఒక సగం పూర్తయి పరీక్షలు అయ్యాకే రెండో సగం విప్పాలి. ఈలోగా ఫ్రిజ్, మోటారు, రెండు ఫ్యాన్ల కోసం ఆర్‌సీసీబీ ఉన్న తాత్కాలిక బోర్డు ఒకటి పెట్టించుకోవాలి. దీనికి ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టవచ్చు. ఇంటివాళ్లకు ఓపిక మిగులుతుంది. ఓపిక మిగిలితేనే నాణ్యత మిగులుతుంది.

సాయంత్రం పనివాళ్లు వెళ్లేముందు పది నిమిషాలు మాత్రం ఎవరూ తగ్గించకూడదు. విప్పి ఉన్న ప్రతి తీగ చివరా కనెక్టరులో బిగించారా, పాత తీగల్లో ఏది ఇంకా కరెంటు మీదుంది, పిల్లల చేతికి అందే ఎత్తులో తెరిచిన డబ్బా ఉందా... ఇంటి పెద్ద, పనివాడు కలిసి గది గదికీ తిరిగి చూడాలి. సగం పాత, సగం కొత్త ఉన్న రోజుల్లోనే ఇంట్లో ప్రమాదం ఎక్కువ.

గోడలు పూడ్చే ముందు ఇంకో చిన్న పని. ప్రతి గోడకూ టేపు పక్కన పెట్టి ఫోన్లో ఫొటో తీసుకోవాలి. పైపు నేల నుంచి ఎంత ఎత్తున పోయిందో, మూల నుంచి ఎంత దూరంలో ఉందో అందులో కనపడుతుంది. ఐదేళ్ల తర్వాత గోడకు మేకు కొట్టే ముందు ఆ ఫొటోలు పనికొస్తాయి. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. ఫొటో తీస్తారని తెలిస్తే పైపు పని దానంతటదే శుభ్రంగా జరుగుతుంది. పూడ్చాక తడి ఆరకముందే స్విచ్చులు బిగించకూడదు. తడిగోడలో డబ్బాలు తుప్పు పడతాయి, కరెంటు లీకవుతుంది. ఆరడానికి పట్టే రోజుల్లో మిగతా సగం పని చేసుకుంటే కాలం వృథా కాదు.

పాయింటుకు ఇంత!

మన దగ్గర వైరింగు బేరం ఎక్కువగా పాయింటు లెక్కన జరుగుతుంది. లైటుకు ఒక పాయింటు, ఫ్యాన్‌కు ఒక పాయింటు, ప్లగ్గుకు ఒక పాయింటు. లెక్క సులువు. కానీ ఈ లెక్కలో అతుకు బాగుందా లేదా అన్నదానికి ధర లేదు. ఎర్తు తీగకు ధర లేదు. పరీక్షకు అసలే లేదు. పాయింట్లు ఎంత తొందరగా పూర్తయితే పనివాడికి అంత గిట్టుబాటు. పెళ్లిళ్ల కాలంలో నాలుగిళ్లు ఒప్పుకున్న మనిషి, పక్కన హెల్పరు కూలి కూడా తనే ఇచ్చుకునే మనిషి, ధర కట్టని పని మీద ఎందుకు పూట పెడతాడు? పనివాడి నీతిని శంకించే ముందు బేరం ఎలా కుదిరిందో చూడాలి.

అందుకే పాయింటు లెక్క పెట్టుకున్నా, ఎర్తు గుంతకు, బోర్డుకు, చివరి పరీక్షలకు విడిగా ధర మాట్లాడుకోవడం మంచిది. డబ్బు కూడా మూడు విడతలుగా ఇవ్వాలి. పైపులు, డబ్బాలు చూసి ఫొటోలు తీశాక ఒకటి, తీగలు లాగాక ఒకటి, పరీక్షలన్నీ అయ్యాక చివరిది. పనివాడికి వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. బల్బు, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పనులు తప్ప ఇంటి వైరింగు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్న మనిషి చేతే జరగాలన్నది 1956 నాటి విద్యుత్ నిబంధనల నుంచీ ఉన్నదే. 2023లో కేంద్ర విద్యుత్ అథారిటీ తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటి కరెంటు పనిని కూడా 2005 జనవరి నుంచి భవన నిబంధనల కిందికి తెచ్చారు. ఇంటికి కొత్తగా వైరింగు చేస్తే అది సరిగా ఉందని ధ్రువపత్రం కావాలి. మన దగ్గర అంత పట్టింపు లేదు కాబట్టి, ఆ పట్టింపు ఇంటివాళ్లే పెట్టుకోవాలి. కొత్తగా ఏసీలు, గీజర్లు చేరుతుంటే లోడు పెంచమని విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టడం కూడా పని మొదలుకాక ముందే చేసుకోవాలి.

ఆఖరి పూట

అన్నీ అయ్యాయి. లైట్లు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పనివాళ్లు సంచి సర్దుకుంటున్నారు. వైరింగులో అన్నిటికన్నా విలువైన పూట అప్పుడే మొదలవ్వాలి. చాలా ఇళ్లలో అప్పుడే ముగుస్తుంది.

నిజానికి కరెంటు ఇవ్వకముందే చేయాల్సిన పరీక్షలున్నాయి. మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టులు పెట్టి తీగల పై పూత ఎక్కడైనా చిరిగిందేమో చూస్తారు. పైపులోంచి లాగేటప్పుడు తీగ ఎక్కడైనా గీరుకుంటే ఇక్కడే దొరుకుతుంది. ప్రతి ప్లగ్గు ఎర్తు రంధ్రం నుంచి గుంత దాకా తీగ తెగకుండా ఉందో లేదో చూస్తారు. ప్రతి స్విచ్చూ ఫేజు తీగ మీదే ఉందో లేదో చూస్తారు. స్విచ్చు న్యూట్రల్ మీద పడితే లైటు ఆరుతుంది గానీ, హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. బల్బు మారుస్తూ షాక్ తినేది అలాగే. ఇవన్నీ మామూలు ఇంటికి ఒక పూట పని.

ఆ తర్వాత ఆర్‌సీసీబీ. ఇక్కడ తరచూ ఒక చిత్రం జరుగుతుంది. కొత్త ఆర్‌సీసీబీ పెట్టి కరెంటు ఇవ్వగానే అది పడిపోతుంది. మళ్లీ లేపితే మళ్లీ పడిపోతుంది. ‘సార్, పీసే ఖరాబున్నది’ అంటారు. సాయంత్రమైంది, చుట్టాలు దిగుతున్నారు. ‘ఇప్పటికి డైరెక్టు ఇచ్చేయ్’ అనే మాట వస్తుంది. రెండు తీగలు కలిపి దాన్ని దాటించేస్తారు. ఇల్లు వెలుగుతుంది. ఆర్‌సీసీబీ బోర్డులో బొమ్మలా మిగిలిపోతుంది.

చాలాసార్లు పరికరం ఖరాబు అవదు. అది నిజమే చెబుతుంటుంది. ఒక గది న్యూట్రల్ ఇంకో గది న్యూట్రల్‌తో కలిసిపోయి ఉండొచ్చు. ఇన్వర్టరు న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ ఒకటైపోయి ఉండొచ్చు. మేకు దిగి తీగ గోడకు తగులుతుండొచ్చు. పాత మోటారు లీకవుతుండొచ్చు. అన్ని ఎంసీబీలు దించి, ఒక్కొక్కటే లేపుతూ పోతే ఎక్కడ పడిపోతుందో తెలుస్తుంది. ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది కాబట్టి, అలా దొరకకపోతే న్యూట్రల్ తీగలను కూడా ఒక్కొక్కటే విడదీసి చూడాలి. ఒక గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. అన్ని రోజుల పనిలో ఇంటాయన ‘ఎంతసేపైనా పర్వాలేదన్నా, చూడు’ అనాల్సిన సందర్భం ఒకటుంటే అది ఇదే. పెళ్లింట్లో సీరియల్ దీపాలు వాకిట్లో తడినేల మీద పాకుతాయి. పందిరి ఇనుప గుంజలకు ఫోకస్ లైట్లు కడతారు. చిన్నపిల్లలు వాటి మధ్యే పరిగెడతారు. ఆర్‌సీసీబీ నిజంగా పనిచేయాల్సింది ఆ రాత్రే.

ముహూర్తం జరగదు గనక, పనే వెనక్కి జరగాల్సి వస్తే? అప్పుడు వాయిదా వేయాల్సింది పరీక్షను కాదు, గదిని. పెళ్లికి అవసరమైన హాలు, వంటిల్లు, వాకిలి పూర్తిగా చేయించి, పరీక్షించి, వాటికి కరెంటు ఇవ్వాలి. వెనక గదులకు, మేడ మీదికి పాత లైను బోర్డు దగ్గరే విడదీసి, పెళ్లయ్యాక నిదానంగా చేయించుకోవచ్చు. ఇల్లంతా సగం సగం చేయడం కన్నా సగం ఇల్లు పూర్తిగా చేయడం ఎప్పుడూ మేలు.

పని అప్పగించే రోజున ఎలక్ట్రీషియన్‌ను బోర్డు దగ్గర నిలబెట్టి, ఏ ఎంసీబీ ఏ గదిదో తెలుగులో చీటీలు రాయించి అంటించండి. మెయిన్ ఎక్కడ దించాలో ఇంట్లో పెద్దావిడకు, పదేళ్ల పిల్లకు కూడా చూపించండి. ఎవరికైనా షాక్ కొడితే ముందు చేయాల్సింది మెయిన్ దించడమే గానీ మనిషిని పట్టుకోవడం కాదని చెప్పండి. ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని రాసున్న చిన్న మీట ఉంటుంది. నెలకోసారి నొక్కితే ఠక్కున పడిపోవాలి. పడకపోతే ఆ వారమే మార్పించాలి. కరెంటు బిల్లు వచ్చిన రోజు నొక్కడం అలవాటు చేసుకుంటే మర్చిపోయే పని ఉండదు.